రంగు పోతదా అని అడగని గిరాకి

నారాయణపేట చీరల మూట విప్పగానే ముందు గంజి వాసన వస్తుంది, దాని వెనకాలే కొత్త రంగు వాసన. ఈ ఉదయం ఆ వాసన పీలుస్తూ కూర్చున్నానో లేదో, ఫోను టింగుమంది. ఎక్కడో విదేశంలో ఉన్న కంపెనీ అట. మా దుకాణం గురించి ఎంతో గొప్పగా విన్నదట. రెండు వేల చీరలు కావాలట. మహబూబ్‌నగర్‌లో మా వెనక వీధివాళ్లకే మా దుకాణం పేరు సరిగా తెలియదు! ఒళ్లు మండిపోయింది. ఈ మంట శంకరమ్మ పెద్దమ్మ నాకు పెట్టిపోయిన ఆస్తి.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. మా నాయిన బట్టల దుకాణం పక్కనే ఆమె చీరల దుకాణం. బేరం ఆమె దగ్గరే నేర్చుకున్నాను, ఎంతగా అంటే యాదగిరిగుట్ట మీద దేవుడికి మొక్కేటప్పుడు కూడా "ఇప్పుడు సగం, పని అయినంక సగం" అని మాట్లాడుకుంటాను. ఆమె పాఠమల్లా ఒకటే: "గిరాకి నోరు జూడకురా, చెయ్యి జూడు. కొనేటోడు అంచు పట్టి నలుపుతడు, 'రంగు పోతదా' అంటడు. గది అడగనోడు కొననీకి రాలే, ఎండకు మన నీడల నిలబడనీకి వచ్చిండు."

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు, కొత్తగా ఫోన్లో మెయిళ్లు చూడటం మొదలుపెట్టిన రోజుల్లో, ఇలాంటిదే మొదటిసారి వచ్చింది. నా కాలు నేల మీద నిలవలేదు. బేరంలో తగ్గించుకుంటారులే అని, చెప్పడానికి నాకే సిగ్గేసేంత ధర చెప్పాను. వాళ్లు వెంటనే సరేనన్నారు. ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం కట్టాలన్నారు. కట్టడానికి బ్యాంకుకు బయలుదేరుతుంటే పెద్దమ్మ ఆపింది.

"రంగు పోతదా అని అడిగిండా?"

"లేదు పెద్దమ్మా."

"అంచు ఎంత అన్నడా?"

"అనలే."

"మరి బేరం?"

"ఆడలే. పెద్ద కంపెనీ గదా."

"పెద్దోళ్లే గదరా పది రూపాయలకు గంటసేపు కొట్లాడేది! చెప్పిన ధరకు సరే అన్నడంటే ఆడు నీ చీరలు కొంటలేడు, నిన్ను కొంటుండు. గా ఫీజేందో మా సరుకు పైసలల్ల పట్టుకోమని రాయి."

రాశాను. అప్పటిదాకా నన్ను 'గౌరవనీయులైన' అన్నవాడికి గౌరవం ఎగిరిపోయింది. సాయంత్రంలోగా కట్టకపోతే ఆర్డరు ఇంకొకరికి పోతుందని బెదిరించాడు. అప్పుడు కళ్లు తెరిచి చూస్తే, మెయిల్లో ఉన్న కంపెనీ పేరు ఒకటి, అది వచ్చిన చిరునామా వేరొకటి. కూరగాయల దగ్గర కొత్తిమీర కొసరు కోసం యుద్ధం చేసే నేను, ఒక్క ప్రశ్న అడగకుండా అమ్ముడుపోబోయాను.

నేను తప్పించుకున్నాను. లచ్చన్న తప్పించుకోలేదు. నారాయణపేటలో మగ్గం నేసి మా రెండు దుకాణాలకూ చీరలిచ్చేవాడు. అదే మెయిలు అతనికీ వచ్చింది. నూలుకని దాచుకున్న పైసలన్నీ ఫీజు కింద కట్టేశాడు. మగ్గం ఖాళీ అయింది. వచ్చి మా మెట్ల మీద తల వంచుకుని కూర్చుంటే బజారంతా చుట్టూ మూగింది.

"ఆశకు పోతే గంతే" అన్నారొకరు. ఇంకొకరు నవ్వారు. నా ఫోన్లోనూ అదే మెయిలు ఉందని వాళ్లకేం తెలుసు!

పెద్దమ్మ బట్ట కొలిచే గజం బద్దతోనే బయటికొచ్చింది. "ఎవడ్రా నవ్వింది? ఆశ లేకుంటే పొద్దుగాల షట్టర్ ఎందుకు లేపుతున్నరు? ఆశ పడుడు తప్పు గాదు. గా ఆశను జూసి కొట్టినోడు దొంగ. తిడితే ఆన్ని తిట్టున్రి. లచ్చన్నను ఇంకో మాటంటే నా దుకాణం ముందట నిలబడొద్దు!" ఆమె కోపం అంతకుముందు ఎన్నోసార్లు చూశాను కానీ, కోపానికి సరైన చిరునామా ఉంటుందని ఆ రోజే తెలిసింది. లోకమంతా మోసపోయినవాడి మీద అరుస్తుంటుంది, మోసగాడు హాయిగా ఇంకో మెయిలు రాసుకుంటుంటాడు.

లచ్చన్నను పోలీసు ఠాణాకు వెంటబెట్టుకుపోయి ఫిర్యాదు రాయించింది. పైసలు తిరిగి రాలేదు. అప్పుడామె అతన్ని పిలిచి, "నూలు నేనిస్త. ఊకెనే గాదు, చీరకు ఇరవై రూపాయలు తగ్గియ్యాలె" అంది. నాకు ఆమె మీదే మండిపోయింది. మునిగిపోయినవాడితో బేరమా?

లచ్చన్న తలెత్తాడు. "ఇరవయ్యా? పది."

"పదిహేను."

"పదికి మించి పైస తగ్గియ్యనమ్మా. నా నేత అసొంటిది గాదు!"

"సరే తియ్యి, పదే."

అతను నూలు భుజానికెత్తుకుని వెళ్లాక నేను నోరు తెరవబోయాను. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ధర్మం జేస్తే తల దించుకొని పోతుండె. గిప్పుడు జూడు, నన్ను తిట్టుకుంట పోతుండు."

పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఈ ఉదయం మెయిలుకు జవాబివ్వకుండా, ఫిర్యాదు మాత్రం చేసి, చెరిపేశాను. దాన్ని రాసినవాడి మీద కోపం మాత్రం చెరగలేదు, చెరపను కూడా. ఎదురుగా లచ్చన్న నిలబడి ఉన్నాడు, మూట అతనిదే. బొటనవేలు తడి చేసి అంచు మీద రుద్దాను.

"రంగు పోతదా లచ్చన్నా?"

అతని మొహం ఎర్రబడింది. "గిన్నేండ్ల సంది నా చీరలు అమ్ముకుంటున్నవు, నన్నే అడుగుతవా సేటు?"

"అడుగుత. కొనేటోన్ని గద."