పాస్తా సలాడ్‌కి పోపు

అమెరికాలోని పార్సిప్పనీలో మా అమ్మాయి వాళ్ల ఎదుటి అపార్ట్‌మెంట్‌లో రోసా అనే ఇటాలియన్ పెద్దావిడ ఉండేది. జులైలో ఒక మధ్యాహ్నం నన్ను వంటింట్లోకి పిలిచి పాస్తా సలాడ్ చేసి చూపించింది. ఉడికిన పాస్తాను చన్నీళ్లతో కడిగి, టమాటా, కీరా ముక్కలు, ఆలివ్ నూనె, నిమ్మరసం కలిపింది. కుండీలో తను పెంచుకున్న, తులసిలాంటి బేసిల్ ఆకులు తుంచి పైన వేసింది. "గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి తినండి" అని గిన్నెడు నా చేతికిచ్చింది.

ఇన్నేళ్లు వండినదాన్ని, నాకు చెప్పేదేముంది అనుకున్నాను. ఇంటికి రాగానే మూకుట్లో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువతో పోపు పెట్టి, సలాడంతా అందులో వేసి వేడి చేశాను. ఆకులు నల్లబడిపోయాయి.

ఆఫీస్ నుంచి వచ్చిన మా అమ్మాయి మూత తీసి చూసింది. "అయ్యో అమ్మా! సలాడ్‌ని హీట్ చేశావా? ఆవిడ చెప్పలేదా?"

"చెప్పిందిలే. చల్లటి తిండి ఎవరు తింటారు?" అన్నాను.

గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మర్నాడు అందులో పులిహోర పెట్టి తీసుకెళ్లాను. రోసా చెంచా పట్టుకుని ఆగింది.

"దీన్ని వేడి చేయాలా? మీరెలా తింటారు?"

"ఇలాగే" అన్నాను.

మనం ఏరి పక్కన పెట్టే కరివేపాకు కూడా నమిలి తినేసింది. తర్వాత నవ్వుతూ అడిగింది.

"నా సలాడ్ ఎలా ఉంది?"

"చాలా బాగుంది" అన్నాను. ఆమె చేసిన ఆ సలాడ్ రుచి ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.