తాయెత్తంత తూటా

తుపాకీ అంటే నాకు అసహ్యం. కానీ బాబా దగ్గరున్న పాత చిన్న రివాల్వర్లను నూనె గుడ్డతో తుడవడమంటే మాత్రం ప్రాణం. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయని అడుగుతారు. అడిగినవాళ్ళ మీద నాకు కోపం వస్తుంది.

బాబా అంటే మా కఫీల్, నా వీసా ఎవరి పేరు మీద ఉందో ఆ పెద్దాయన. ఈ అరబ్బు దేశంలో, ఎగైలాలో ఆయన ఇంటికి నేను డ్రైవర్ని. కోనసీమ నుంచి వచ్చాను. ఇంటావిడ పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఆయన, నేను, వంట చేసే అక్క. అక్క రాయచోటి వైపు మనిషి, నాకు చుట్టరికం ఏమీ లేదు. ఏళ్ళ తరబడి ఒకే వంటింటి గుమ్మంలో కూర్చుని టీ తాగిన మనిషిని ఇంకేమని పిలుస్తాం?

పెద్ద తుపాకులు కొనేవాళ్ళని చూస్తే బాబాకి నవ్వు. "వాళ్ళకి కావలసింది చప్పుడు" అనేవాడు. ఆయనకి చిన్నవే కావాలి, పాతవే కావాలి. అరచేతిలో ఇమిడిపోయేది ఒకటి, తళతళలాడే పూత సగం ఊడిపోయింది ఒకటి, నడుము దగ్గర విరిచినట్టు తెరిస్తే పేలిన తూటాలన్నీ ఒక్కసారిగా ఎగిరి బయటపడేది ఇంకొకటి. అన్నిటికీ లైసెన్సులున్నాయి. ఏది ఎవరి దగ్గర కొన్నాడో, ఎంత బతిమాలితే ఇచ్చారో కథలు కథలుగా చెప్పేవాడు. చెప్పిందే మళ్ళీ చెప్పేవాడు. నేను మొదటిసారి విన్నట్టు మొహం పెట్టేవాణ్ణి, అది కూడా జీతంలో భాగమే కదా.

శుక్రవారం పొద్దున్న రివాల్వర్ల పెట్టెకి తాళం వేసుకుని షూటింగ్ క్లబ్బుకి వెళ్ళేవాళ్ళం. కాఫీ గిన్నె పట్టుకుంటే వణికే ఆయన చెయ్యి, రివాల్వర్ ఎత్తగానే నిలిచిపోయేది. ఊపిరి మెల్లగా వదిలి మీట నొక్కితే 'టప్' మని, ఎండిన కొబ్బరి మట్ట విరిగినంత చప్పుడు, అంతే. దూరంగా కాగితం మీద చిన్న బెజ్జం పడేది. ఒకసారి క్లబ్బు వాళ్ళని అడిగి నా చేత కూడా కాల్పించాడు. మొదటిది కాగితానికే తగల్లేదు. రెండోది అంచుకి తగిలింది. "జైన్, జైన్" అంటూ నా భుజం తట్టాడు. బాగుంది, బాగుంది అని. ఈ దేశం వచ్చాక ఒక మనిషి నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. రోజంతా ఆ ఆనందంలోనే ఉన్నాను.

ఆ సన్న తూటాల్లో ఒక విశేషం ఉంది. రివాల్వర్ సుత్తి వాటి అడుగున అంచు మీద కొడుతుంది, ఒక్కో రివాల్వర్ కొట్టిన నొక్కు ఒక్కోలా ఉంటుంది. పేలాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని గోటితో తడిమి, అది ఏ రివాల్వర్ పేల్చిందో బాబా చెప్పేసేవాడు. అందుకే ఆ ఖాళీ గొట్టాలని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. అవి కాస్తా బట్టలతో పాటు వాషింగ్ మెషిన్‌లో పడి గలగలమనేవి.

"ఏమబ్బీ, ఎప్పుడు జూసినా మీ బాబా జేబులో ఈ గొట్టాలేనా? మిషిను పగిలిపోతాది" అని అక్క అరిచేది.

"మీ సీమోళ్ళకి తుపాకులు కొత్తేంటక్కా?"

"థూ, నీ నోట్లో మన్ను బడ. మా ఊర్లో ఉండేటివి గొర్రెలు. తుపాకులంతా మీ సినిమాలోళ్ళు జేసిన యవ్వారం."

ఒకరోజు ఆ గొట్టాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూస్తూ ఆగిపోయింది. "చూడబ్బీ, అచ్చం తాయెత్తు మాదిరే ఉండాది. ఒక పక్క మూసే ఉండాది. ఇంగో పక్క మైనం పెడితే సాలు."

ఆమె మనవడు నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తాడట. వాళ్ళ వైపు పిల్లల మొలతాడుకి తాయెత్తు లేకుండా ఉండదు. కంసాలి చేసే గొట్టాలు ఈమధ్య రేకులా ఉంటున్నాయని, ఇది గట్టిదని ఆమె మురిసిపోయింది. దొంగతనంగా తీసుకునే మనిషి కాదు. మధ్యాహ్నం బాబా భోంచేస్తుంటే తనకొచ్చిన అరబ్బీలో అడిగింది, "బాబా, హాదా అనా?" ఇది నాకా అని.

ఆయన జేబులన్నీ వెతికి, మసి తక్కువున్నది ఒకటి ఏరి, తన చేత్తోనే ఆమె అరచేతిలో పెట్టాడు. పిల్లాడి కోసమని నేను విడమరిచి చెబితే, పెద్దయ్యాక మంచి గురికాడు అవుతాడులే అని నవ్వాడు. నేను అక్కడే నిలబడి నీళ్ళు పోస్తున్నాను.

అక్క అందులో తన దేవుడి పటం ముందు రాలిన అగరుబత్తి బూడిద కూరింది. కొవ్వొత్తి కరిగించి, మూతిని బొటనవేలితో గుండ్రంగా ఒత్తింది. నల్లదారం కట్టింది. నాకు చూపించింది. నాకూ అది తాయెత్తులాగే కనిపించింది. మా ఇద్దరివీ ఒకే రకం కళ్ళు.

ఆమె సెలవు మీద ఊరికి బయలుదేరిన రోజు నేనే ఎయిర్‌పోర్టులో దింపాను. తిరిగి ఎగైలా చేరకముందే ఫోన్.

"అబ్బీ, నన్ను ఆపినారు. నా పర్సులో తూటా ఉండాదంట. నేను యాడ పెట్టినాను తూటా?"

ఇత్తడి గొట్టం, లోపల బూడిదరంగు పొడి, పైన గుండ్రటి మూతి. ఎయిర్‌పోర్టు వాళ్ళ కళ్ళకి అది పేలడానికి సిద్ధంగా ఉన్న తూటా. నేను కారు వెనక్కి తిప్పి వెళ్ళి, చూసిందంతా చెప్పాను. రివాల్వర్లు తుడిచేది నేనేనని కూడా చెప్పాను, నా మీదికి ఏమొచ్చినా రానీ అని. అక్కడి ఆఫీసర్ చెడ్డవాడు కాదు. "లైసెన్సు ఎవరిదో ఆయన్ని తీసుకురా. ఖాళీది నేనే ఇచ్చానని ఆయనొక్క మాట చెబితే ఖలాస్, తర్వాతి ఫ్లైటుకి వెళ్ళిపోతుంది. చెప్పకపోతే వేలిముద్రలు తీసుకుని పంపించేస్తాం. ఇక ఈ దేశంలో అడుగు పెట్టలేదు" అన్నాడు.

ఇక్కడి జీతమే ఊళ్ళో అక్క ఇంటిని నిలబెడుతోంది. ఆ సంగతి నాకు తెలుసు. వేరే ఇంట్లో ఉండే బాబా కొడుక్కి ఫోన్ చేస్తే, "బాబానే తీసుకెళ్ళు, నన్ను లాగొద్దు" అని పెట్టేశాడు. ఫోన్ పెట్టేశాక వాణ్ణి తెలుగులో నోటికొచ్చినట్టు తిట్టాను.

నా భయం వేరు. కొన్నాళ్ళుగా బాబాకి మతిమరుపు ముదురుతోంది. నాకు ముందున్న డ్రైవర్ పేరుతో నన్ను పిలుస్తున్నాడు. ఇంటికెళ్ళి ఆయన్ని ఎక్కించుకుని, కారులో దారి పొడవునా ఒకటే పాఠం చెప్పాను. "బాబా, వంట చేసే ఆమె. మీరే ఇచ్చారు, మీ చేత్తో." "అవును, అవును" అన్నాడు. కాసేపటికి, "పెట్టె తెచ్చావా?" అని అడిగాడు. క్లబ్బుకి వెళ్తున్నాం అనుకుంటున్నాడు.

అక్కని తీసుకొచ్చారు. ఊరికి పోతున్నానని కట్టుకున్న చీరలో ఉంది. ఆ ఇంట్లో ఇన్నేళ్ళూ బాబా ఆమెని పొడవాటి గౌనులో, తలకి గుడ్డతో తప్ప చూడలేదు.

ఆఫీసర్ ఆ గొట్టాన్ని బాబా అరచేతిలో పెట్టాడు. ఆయన దాన్ని వెలుతురుకి తిప్పి, అంచుని గోటితో తడిమాడు. మొహం వెలిగిపోయింది. "ఇది నాదే. చెక్క పిడి అంచు పగిలింది ఉందే, దానిది. సుత్తి కాస్త ఎడమకి కొడుతుంది, చూడు" అని మొదలుపెట్టి, ఆ రివాల్వర్ ఎక్కడ దొరికిందో, ఎలా బేరమాడాడో, అంతా పూస గుచ్చినట్టు చెప్పాడు. ఆఫీసర్ నవ్వుతూ విన్నాడు. అక్క నా వైపు చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. గండం గడిచిందనుకున్నాం ఇద్దరం.

"మరి ఈమెకి మీరే ఇచ్చారా?"

బాబా ఆమెని చాలాసేపు చూశాడు. "ఎవరీమె?"

"బాబా, అనా! నేను బాబా! కిచెన్!" అంటూ అక్క గాల్లోనే గరిటె తిప్పి చూపించింది. అన్నం వడ్డించి చూపించింది.

"ఎవరో పాపం, నిలబడి ఉంది. కుర్చీ వేయండి" అన్నాడు బాబా ఎంతో మర్యాదగా. తర్వాత మైనం వైపు చూసి మొహం చిట్లించాడు. "దీన్నెవరు ఇలా పాడు చేశారు?"

లోపలిది బూడిదేనని తర్వాత వాళ్ళే తేల్చారు. అయినా లైసెన్సు లేని మనిషి దగ్గర దొరికిన తూటా తూటాయే అన్నారు. వేలిముద్రలు తీసుకుని విమానం ఎక్కించారు. తాయెత్తు అక్కడే ఉండిపోయింది. సామాను నేను కార్గోలో పంపాను. అక్క ఆ తర్వాత ఫోన్‌లో ఒక్కసారే మాట్లాడింది. ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆ మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండింది.

కొడుకు వచ్చి రివాల్వర్లుండే అల్మరా తాళం తీసుకుపోయాడు. క్లబ్బు ఆగిపోయింది. వంట నా నెత్తిన పడింది. మొన్న మధ్యాహ్నం బాబా రెండు ముద్దలు తిని ప్లేటు తోసేశాడు.

"ఉప్పు లేదు. ఆమెని పిలు."

"ఎవరిని బాబా?"

"వంటామెని. ఇంకెవరిని?"

"వెళ్ళిపోయింది బాబా."

"నాతో చెప్పకుండానా?" అని చిన్నబుచ్చుకున్నాడు. ఆ క్షణాన ఆయన గొంతు పట్టుకుని ఊపేయాలనిపించింది. ఏడుపూ వచ్చింది. ఆయన అవేమీ చూడకుండా జేబులు తడుముకుని, ఎప్పటిదో ఒక ఇత్తడి గొట్టం తీసి నా ముందు చాపాడు.

"ఇది ఆమెకియ్యి. మనవడికి కావాలని అడిగింది."

చెయ్యి అలాగే చాపి ఉంచాడు. నేను ప్లేటు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.