సువార్తమ్మ బోర్డు

సుబేదారిలో సువార్తమ్మ క్యాసెట్ల దుకాణం ముందు ఒక నల్లబోర్డు వేలాడేది. కుర్ర బ్యాండ్ల గుండెలు ఆ బోర్డు చూస్తేనే జారిపోయేవి. కాజీపేట రైల్వే క్వార్టర్ల పిల్లలూ, కాలేజీ పిల్లలూ జుట్లు పెంచి, గిటార్లు దంచి, గొంతులు చించుకుని పాడిన కొత్త క్యాసెట్లన్నీ ముందు ఆవిడ చేతికే వచ్చేవి. రెండు వైపులా విని, సుద్దముక్కతో ఒక్క మాట రాసేది. "వినుండ్రి" అని రాస్తే, శనివారం సికింద్రాబాద్ నుంచి వచ్చే హోల్‌సేల్ వ్యాపారి కట్టయ్య ఆ క్యాసెట్లు పట్టుకుపోయేవాడు. "దండుగ" అని రాస్తే ఆ పిల్లలు మళ్లీ పరీక్షల పుస్తకాలు తెరవాల్సిందే.

పెళ్లయి పిల్లలున్న ఆడమనిషికి ఈ అరుపుల పాటల మీద ఇంత పట్టు ఎక్కడిదని అడిగేవాళ్లు. ఎక్కడిదేమిటి! ఆవిడది పుట్టుకతోనే పెద్ద గొంతు. ఇంటిముందు నిలబడి పిలిస్తే రెండు వాడలు పలికేవి. పాడేవాడి అరుపు కడుపులోంచి వస్తోందో, ఊరికే గొంతు గీక్కుంటున్నాడో ఇట్టే పట్టేసేది.

ఆ గొంతే ఆవిడ కొంప ముంచింది. డెబ్బై నాలుగులో, క్రిస్మస్ ముందు, చర్చి క్వాయర్ నేర్పే సుందర్ రావు ప్రాక్టీసు మధ్యలో ఆపించాడు. అందరి ముందూ ఆవిడకేసి వేలు చూపించి, "ఏం గొంతు పిల్లా అది? పండుగనాడు నోరు మాత్రం ఆడియ్యి. సౌండ్ రావొద్దు," అన్నాడు. పక్కనున్న అమ్మాయిలు కొంగులు నోట కుక్కుకుని నవ్వారు. పండుగనాడు తల్లి ముందు వరసలో కూర్చుని మురిసిపోతుంటే, సువార్తమ్మ తెల్లచీర కట్టుకుని ప్రతి పాటకూ ఉత్తినే పెదవులు కదిపింది. "నీ గొంతు ఇనవడలేదేందే?" అని ఇంటికొచ్చాక తల్లి అడిగింది. ఆ తర్వాత ఆవిడ స్నానాల గదిలో కూడా పాడలేదు.

మరిచిపోయిందనుకున్నారా? భలేవారే! ఆ వేలు కలలోకి కూడా వచ్చేది.

ఎనభై ఏడులో ఒక శుక్రవారం ఆ సుందర్ రావే దుకాణం మెట్లెక్కాడు.

"వందనాలు బిడ్డా. మా కొడుకు ఏలియా బ్యాండు పెట్టిండు, ఇగో క్యాసెట్. రేపు కట్టయ్య వస్తడంట గద. నీ బోర్డు మీద జర మంచిగ రాయి."

"నన్ను గుర్తువట్టిన్రా సార్?"

"ఎందుకు గుర్తువట్ట? మైకుసెట్టు దేవదానం భార్యవు గద!"

అంతే! ఒక ఆడపిల్ల నోట్లోంచి పాటను పీకి పారేసిన మనిషికి ఆ సంగతే గుర్తులేదు. సువార్తమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "రేపు పొద్దుగాల రాండ్రి సార్, బోర్డు చూస్కుందురు," అంది, ఎంతో మర్యాదగా. ఆయన మలుపు తిరిగాడో లేదో, సుద్ద తీసి, వినకుండానే, బోర్డంత అక్షరాలతో "దండుగ" అని రాసింది. ఎప్పుడూ చేయని పని అది. చేతులు దులుపుకుంది. కడుపు చల్లబడింది.

పోనీ, ఎంత దండుగో చూద్దామని క్యాసెట్ పెట్టింది. మొదటి వైపు ఆవిడకు పండుగే. గిటార్లూ డ్రమ్సూ గోడలు అదిరేలా మోగుతుంటే, పాడే ఏలియా మాత్రం బుద్ధిగా, మెత్తగా, ఒక్కో మాటా తుడిచి పేర్చినట్టు పాడుతున్నాడు. వెనక తండ్రి వేలు చూపిస్తూ నిలబడ్డాడని ఎవరూ చెప్పక్కర్లేదు. "పాడు బిడ్డా, ఇంకా మెల్లగ పాడు," అని నవ్వుకుంది. రెండో వైపూ అలాగే నడిచింది. ఆఖరి పాటలో ఏలియా నోరు తెరిచాడు.

అబ్బ, ఏం అరుపు! కడుపులోంచి లేచింది. మాటలు సరిగా తెలియలేదు గానీ, ఆ పిల్లాడి నోరు కూడా ఎవరో నొక్కిపెట్టారని తెలిసింది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. ఒళ్లు మండింది. హాయిగా తీరుతున్న పగను పాడుచేశాడు వీడు! బోర్డు వంక చూసింది. పాడేవాళ్ల నోరు మూయించడం సుందర్ రావు పని. "థూ, నేను గూడ గదే చేస్తున్ననా?" అని కొంగుతోనే తుడిచేసింది.

అయితే సుందర్ రావును వదిలేసిందా? ఎక్కడి మాట!

తెల్లవారి కట్టయ్య వచ్చేసరికి బోర్డు ముందు జనం మూగి నవ్వుతున్నారు. "ఏలియా బ్యాండు. తండ్రి పాడిచ్చినవన్ని దండుగ. ఆఖరి పాట కొడుకు పాడిండు. వినుండ్రి." కొడుకును వెంటబెట్టుకుని వచ్చిన సుందర్ రావు అది చదివి ఎర్రబడ్డాడు.

"ఆఖరి పాట ఏంది? రికార్డింగుల నేను చాయ తాగనీకి పోతే నాకు తెల్వకుంట ఎక్కిచ్చిన్రా?" అని కొడుకు మీదికి లేచాడు. తర్వాత ఇటు తిరిగాడు. "తుడిచెయ్ సువార్తా! నా ఇజ్జత్ తీస్తున్నవా?"

"అందరు ఇన్నంక తుడుస్త సార్."

దేవదానం పెళ్లిళ్లకు కిరాయికిచ్చే పెద్ద స్పీకర్ డబ్బాలు అప్పటికే వైరు తగిలించి ఉన్నాయి. ఆఖరి పాట పెట్టి, వాల్యూం మొత్తం తిప్పింది. అద్దాల బీరువా గజగజలాడింది. కట్టయ్య చెవులు మూసుకుని, ఆ క్యాసెట్లన్నీ తనకే కట్టమని తలతోనే సైగ చేశాడు. తల వంచుకుని నిలబడ్డ ఏలియా మెల్లగా తలెత్తాడు. సుందర్ రావు వేలు చూపిస్తూ సువార్తమ్మ ముఖం మీదికి వచ్చి అరిచాడు. నోరు ఆడుతోంది. సౌండ్ రావడం లేదు.

ఆవిడ వాల్యూం మీద చెయ్యి తీయలేదు. ఆ నోటి వంక కళ్లారా చూసుకుంది. పాట మళ్లీ ఏలియా అరుపు దగ్గరికి వచ్చేసరికి, కొంగు నడుముకు దోపుకుని, నోరంతా తెరిచి, ఆ అరుపులో తన గొంతు కలిపింది.