నల్లకొండ మీద నక్కల భోజనం

బాబాయికి గుండె ఆపరేషన్ జరుగుతుండగా మా చిన్నమ్మ కచ్ ఎడారిలోని కాలా డూంగర్, అంటే నల్లకొండ, మీది దత్తాత్రేయుడికి మొక్కుకుంది. ఆ కొండమీద రోజూ నక్కలకు ప్రసాదం పెడతారు. బాబాయి బతికితే అక్కడికొచ్చి, నక్కలు తిన్నాకే తాను తింటానని మొక్కు. బాబాయి బతికాడు. మా లాల్‌దర్వాజా బస్తీలోనే ఇన్ని గుళ్లుండగా అంత దూరమెందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోవడంతో నన్ను తోడు పంపారు.

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం రాజ్‌కోట్ రైలెక్కాం. ఎదుటి సీటు గుజరాతీ పెద్దాయన మెంతి రొట్టెలు పెడుతూ, "వహా క్యా హై? నీచే నమక్, ఊపర్ హవా!" అన్నాడు, కింద ఉప్పు, పైన గాలి తప్ప అక్కడేముందని.

"హవా భీ ఖాలేతే భాయ్, పహలే రోటీ దేవ్" అంది చిన్నమ్మ, గాలైనా తింటాం గానీ ముందు రొట్టె ఇమ్మని.

మర్నాడు సాయంత్రం రాజ్‌కోట్, రాత్రి బస్సు, తెల్లారేసరికి భుజ్. అక్కణ్ణుంచి టాక్సీ మాట్లాడుకోవడం మేలు. దారంతా తుమ్మచెట్లు, ఒంటెలు. కొండపైనుంచి చూస్తే ఉప్పుమైదానం తెల్లగా ఆకాశంలో కలిసిపోతుంది. హద్దెక్కడో కనిపెట్టబోయి మానుకున్నాను.

మధ్యాహ్నం పూజారి అరుగు మీద అన్నం, పప్పు పోసి మెల్లగా పిలిచాడు. పొదల్లో రెండు మూతులు కనబడ్డాయి. అంతే, చిన్నమ్మలో బోనాల ఊపు లేచింది. "రాండ్రి బిడ్డా! తినుండ్రి!" అని చప్పట్లు చరిచింది. మా బస్తీలో దేవుణ్ని అలాగే పిలుస్తాం, డప్పొక్కటే తక్కువ. మూతులు మాయమయ్యాయి.

"భగా దియా, అమ్మా. అబ్ శామ్ కో" అన్నాడు పూజారి. తరిమేశావు, ఇక సాయంత్రమే అని.

చిన్నమ్మ మొహం పాలిపోయింది. "తినకపాయెర. మొక్కు ముట్టలేదా ఏంది? మీ బాబాయికి..."

"అవి నీ గొంతుకు బెదిరినయ్. బాబాయి గదే గొంతు మస్తు ఏండ్ల సంది వింటుండు, ఏమైంది?"

"ఏమైతది? ఆపరేషనైంది."

షుగర్ మనిషి. బిస్కెట్ ఇస్తే నెట్టేసింది. మళ్లీ అరుపు రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని మెట్లమీద కూర్చుంది. ఇలాగే ఇంకో గంట గడిస్తే మొక్కుతో నిమిత్తం లేకుండా టాక్సీలో వేసుకుపోదామనుకున్నాను.

పొద్దు వాలాక పూజారి మళ్లీ పిలిచాడు. ఒక నక్క వచ్చి, అన్నం వాసన చూసి, మావైపు చూసింది. చిన్నమ్మ గోళ్లు నా మణికట్టులో దిగాయి. నక్క తలవంచి తినసాగింది. వెనకాల ఇంకో నాలుగు. ఆమె చప్పుడు లేకుండా ఏడ్చింది. తర్వాత గుడి భోజనంలో రెండుసార్లు మారు వడ్డించుకుంది.

వెళ్లేవాళ్లు సాయంత్రం దాకా ఉండండి. అన్నం మెతుకులు నమిలే చప్పుడు కూడా వినబడేంత నిశ్శబ్దం మన పట్నంలో దొరకదు.

తిరుగు రైల్లో బాబాయి ఫోన్ చేశాడు. "నక్కలు తిన్నయి" అంది చిన్నమ్మ, ఇంకా అవి బెదురుతాయేమో అన్నట్టు మెల్లని గొంతుతో.

అవతల ఆయన కంగారుపడ్డాడు. "గంత మెల్లగ మాట్లాడుతున్నవేంది? నీకేమన్న అయిందా?"

"నాకేమైతది! గోలీలు ఏసుకున్నవా లేదా?"

బోగీలో పడుకున్నవాళ్లంతా లేచారు. బాబాయి తేరుకున్నాడు.