నేను బాగుచేసిన గోల

ఆ రోజుల్లో ‘నాకు తెలియదు’ అనే మాట నా నోటికి అలవాటు కాలేదు. ఆత్మకూరు బస్టాండు దగ్గర క్యాసెట్ల దుకాణంలో రికార్డింగు పని నాది. పాటలో కాస్త గరగర వినిపించినా నా పరువు పోయినట్టు బాధపడేవాణ్ణి (వినేవాళ్లకు అంత పట్టింపు ఉండేది కాదు). ఒకనాడు పొద్దున్నే ఉదయగిరి నుంచి గిటారు మాస్టారు వచ్చారు. వారమంతా బడిలో లెక్కలు చెప్పి, ఆదివారం చర్చిలో వాయించే మనిషి. మద్రాసు స్నేహితుడిదట, ఒక ఇంగ్లీషు రాక్ క్యాసెట్ నా చేతిలో పెట్టి, “రెండు గంటల బస్సుకు వాడు దీన్ని తీసకపోతాడురా. ఈలోపల కాపీ చెయ్. మళ్లీ దొరికేది కాదు” అని వెళ్లారు.

వేసి చూస్తే గిటార్లు కాదు, రంపపు మిల్లు! నడుమ ఎక్కడో ఒక మనిషి గొంతు. టేపు చెడిపోయిందనుకున్నాను. టేపు ఒరుసుకునే హెడ్డును స్పిరిటుతో తుడిచాను, కీచు తగ్గాలని ట్రెబుల్ పూర్తిగా దించాను, గోల తగ్గలేదు. ఇక గోల వచ్చిన చోటల్లా రికార్డింగు ఆపి, గొంతు వినపడ్డప్పుడు మళ్లీ మొదలుపెట్టాను. ముప్పావుగంట ఆల్బం పదకొండు నిమిషాలకు తేలింది. మా పనిలో టేపు ఖాళీగా ఇవ్వడం అమర్యాద. మిగిలిందంతా క్రీస్తు పాటలతో నింపాను (మాస్టారు మెచ్చుకుంటారని).

ఒంటిగంటకు మాస్టారు వచ్చి విన్నారు. “మిగతాది ఏమైందిరా?”

“ఒరిజినల్లోనే అంతే ఉండాది సార్.”

ఆయన నమ్మేశారు. “పోనీలే, నువ్వేం చేస్తావు” అని నా భుజం తట్టారు. ఆ తట్టుడుకు ఓర్చుకోలేకపోయాను.

“అబద్ధం సార్. గోలని నేనే తీసేసినాను.”

“ఓరి పిచ్చోడా! నువ్వు తీసేసిందే పాట! పెట్టు మళ్లీ, సౌండు తగ్గించబాక!”

పక్క సోడా అంగడి అక్క పరుగెత్తుకొచ్చింది. “ఏందిరా, మిషను కాలిపోతుండాదా?”

“పాటక్కా,” అన్నారు మాస్టారు.

“పాడేవోణ్ణి ముందు ఆస్పత్రికి తీసకపోండి!”

మొదట నాకు భయమేసింది. తర్వాత ఆ హోరులో పొరలు వినబడసాగాయి. కొండ మీది వాన రేకుల కప్పును కమ్ముకున్నట్టుంది. దాని అడుగున సన్నని రాగం ఒకటి, మునిగిపోకుండా ఈదుతోంది. ఒళ్లు గగుర్పొడిచింది. లెక్కల మాస్టారు కళ్లు మూసుకుని, కన్నీళ్లకు తడిసిన మొహంతో నవ్వుతున్నారు. కాపీ పూర్తయ్యాక అసలు క్యాసెట్ తీసుకుని బస్సుకు పరుగెత్తారు.

అంతకు కొన్నాళ్ల ముందే ఒక పెద్దాయన, చనిపోయిన తల్లి పాడిన పాటను కాపీకి తెచ్చారు. అరిగిన ఆ టేపు కాపీ అయిన వెంటనే నలిగి, పనికిరాకుండా పోయింది. మధ్యలో ఆమె దగ్గును తీసేసి, “నీటుగా చేసినాను పెద్దాయనా” అని గర్వంగా చెప్పాను. ఆయన డబ్బులిచ్చి, క్యాసెట్ తీసుకుని వెళ్లిపోయారు. ఆ మెడ నిక్కించిన కుర్రవాణ్ణి, అప్పటి నన్ను, తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ దగ్గును మాత్రం ఇప్పుడు ఏ మిషను మీదా తిరిగి తేలేను.