రెండింటికి మ్యాచ్ అని నేనే చెప్పాను

నా బాస్కెట్‌బాల్ జీవితాన్ని ఒకే ఒక్క అబద్ధంతో, నా చేతులారా ఎలా ముగించుకున్నానో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి. ఆ రోజు మా టీమంతా నా ఎదుటే నవ్వింది. ఇన్నేళ్ల తర్వాత మీరు నవ్వితే కొత్తగా పోయే పరువేమీ లేదు.

తొంభైల్లో బెంగళూరులో డిగ్రీ చదివే రోజులు. మా కాలేజీ టీములో ఐదుగురు సీనియర్లుండేవారు. ఆడేదీ వాళ్లే, గెలిపించేదీ వాళ్లే. నా ఆరడుగుల ఎత్తు చూసి నన్ను టీములోకి తీసుకున్నారు, ఆట చూసి బెంచీ మీద కూర్చోబెట్టారు. రెండేళ్లు అలాగే గడిచాయి. అంతలో ఆ ఐదుగురూ ఒకేసారి డిగ్రీ ముగించి వెళ్లిపోయారు. "ఇంక మనవాళ్లు మొదటి మ్యాచ్‌లోనే ఇంటికొస్తారు" అని కాలేజీ అంతా దిగులుపడింది. వీడ్కోలు సభలో అందరూ కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. నావి మాత్రం ఆనందబాష్పాలు. నాకది ఆఖరి ఏడాది, ఐదు చోట్లు ఖాళీ. ఒక్కటైనా నాది కాకపోతుందా?

నాలుగు చోట్లు నా తోటి బెంచీవాళ్లకే పోయాయి. మిగిలిన ఆ ఒక్కదానికి దిగాడు నాగరాజు. బెంగళూరు పక్కనున్న ఆనేకల్‌లో మగ్గం నేసే ఇంటి పిల్లాడు, డిగ్రీ మొదటి సంవత్సరం. నా భుజం దాకా కూడా రాడు. రబ్బరు చెప్పులు విడిచి ఒట్టి కాళ్లతో కోర్టులోకి వచ్చాడు. నా చంక కిందనుంచి పోయాడో, కాళ్ల మధ్యనుంచి పోయాడో ఇప్పటికీ తెలియదు. నేను వెనక్కి తిరిగేసరికి బంతి బుట్టలో ఉంది.

"అబ్బబ్బ! ఏం చెయ్యి అప్పా నీది!" అన్నారు మా కోచ్ మునిరెడ్డి సార్. ఆయనది వర్తూరు, తాతల నాటి బెంగళూరు తెలుగు. రెండేళ్లలో ఆయన నాతో అంత ప్రేమగా అన్న మాట ఒక్కటే: "కొంచెం జరిగి కూచో అప్పా."

ఆ సాయంత్రం నుంచి నాకు అన్నం సయించలేదు. వాడు వేసిన ప్రతి బంతీ వచ్చి నా కడుపులో పడేది. పైగా వాడు మంచివాడు, అది ఇంకా మంట! "అన్నా, నీయంత ఎత్తుంటే నేనూ బాగా ఆడుందును" అనేవాడు. వెక్కిరింపేమోనని రెండు రోజులు ఆలోచించాను. కాదు, నిజంగానే అన్నాడు.

కాలేజీల పోటీల్లో మా మొదటి మ్యాచ్ శనివారం పొద్దున పదింటికి. గురువారం ప్రాక్టీసు కాగానే వాడు వచ్చి అందరినీ వదిలి నన్నే అడిగాడు.

"అన్నా, శనివారం ఎన్ని గంటలకి రావల్ల?"

నా నోరు నన్ను అడక్కుండానే జవాబిచ్చింది. "రెండింటికి నాగరాజూ. తీరిగ్గా భోంచేసి రా."

"సరే అన్నా."

శనివారం పది కొట్టింది. నాగరాజు లేడు. "ఆ పిల్లోడు యాడుండాడప్పా?" అంటూ సార్ నాలుగుసార్లు గేటు దాకా పోయి వచ్చారు. నేను కూడా కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఎంతో బాధగా రోడ్డు వైపు చూశాను. చివరికి ఆయన నిట్టూర్చి, "మురళీ, నువ్వే దిగప్పా" అన్నారు.

దిగాను. కోర్టు మధ్యలో ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. రెఫరీ ఈల నోట్లో పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే నా ముక్కు మీద ఒక చుక్క పడింది. ఆ తర్వాత బెంగళూరు మబ్బులన్నీ మా సిమెంటు కోర్టునే వెతుక్కుంటూ వచ్చినట్టు కురిశాయి. వాన వెలిశాక పోటీల నిర్వాహకులు వచ్చి చెప్పారు: "కోర్టు ఆరాల. మ్యాచ్ రెండింటికి."

రెండింటికా! తడి బట్టల్లోనే నాకు చెమట పట్టింది.

పది నిమిషాల ముందే వచ్చాడు నాగరాజు. పొడి బట్టలు, దువ్విన తల, నిండిన కడుపు. మేమేమో పిండకుండా వదిలేసిన బట్టల్లా ఉన్నాం.

"పొద్దున్నుంచి యాడికి పోయినావప్పా?" అన్నారు సార్.

"పొద్దున ఏముండాది సార్? మ్యాచ్ రెండింటికని మురళన్న చెప్పినాడు."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. నేను గొప్ప తెలివి చూపించాననుకుని, "మబ్బు చూసి ఊహించాను సార్" అన్నాను.

సార్ నాగరాజునే అడిగారు. "ఎప్పుడు చెప్పినాడప్పా నీకు?"

"గురువారం సార్."

గురువారం మాడు పగిలే ఎండ! ఎవరో కిసుక్కున నవ్వారు. క్షణంలో టీమంతా అందుకుంది. సార్ ఒక్కరే నవ్వలేదు. "నువ్వు బెంచీ మీద కూచో అప్పా. మళ్లా వాన వచ్చేట్టుంటే చెప్పు" అన్నారు. ఆ ఏడాదంతా నేను బెంచీ దిగలేదు.

నాగరాజు ఆట ముందు అవతలివాళ్లు నిలవలేదు. దిగులుపడ్డ కాలేజీ ఎగిరి గంతులేసింది. వాణ్ణి భుజాల మీద ఊరేగించాలన్నారు. అందరికంటే ఎత్తైన భుజాలు ఎవరివి? నావే! అలా నా మెడ మీదెక్కి కూర్చున్నవాడు వంగి, చెవిలో చెప్పాడు:

"అన్నా, నిన్న కాలేజీ నోటీసు బోర్డు మీద పదింటికని రాసుండె. నువ్వు రెండింటికని చెప్పినావు కదా, బోర్డులోనే తప్పు రాసినారనుకుంటి."

నేను అందరికంటే గట్టిగా వాడికి జేజేలు కొట్టాను.

ఆ క్షణంలోనే, వాణ్ణి మోస్తూనే, కొండంత ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇంకెవ్వరికీ టైం చెప్పను. ఇప్పటికీ వీధిలో ఎవరైనా "టైమెంతండీ?" అని అడిగితే, వాచీ విప్పి వాళ్ల చేతికే ఇచ్చేస్తాను.