పాత మన్ను దించని మిద్దె

ఆదోనిలో మా యూనివర్సిటీ సెంటరు లైబ్రరీ ఒకప్పుడు దూది గోదాము. మూరెడు మందం రాతి గోడలు, నిప్పురవ్వ పడకూడదని తలకంటే ఎత్తున పెట్టిన చిన్న కిటికీలు, టేకు దూలాలు, వాటి మీద బండలు, బండల మీద వాన దిగకుండా చౌడు మన్ను. ఏటా తొలకరికి ముందు పాత మన్ను గీకి దించి కొత్తది పరచాలి. దించకపోతే బరువుకు దూలం విరుగుతుంది. ఆ పని హొళగుంద నుంచి వచ్చే ఒక ముసలాయన చేసేవాడు. నేను అక్కడ లైబ్రేరియన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఆ ఏడు మిద్దె కారుతోందని కాంట్రాక్టరుకు పని అప్పగించారు. వాడు మన్ను దించకుండానే సిమెంటు పోయించబోయాడు. ముసలాయన నిచ్చెనకు అడ్డం నిలబడ్డాడు.

“ముందు మన్ను దించప్పా. దూలాలు మోయవు. కింద పిల్లోళ్లు సదువుకుంటాండారు.”

కాంట్రాక్టరు ఆయన రొమ్ము మీద చెయ్యి వేసి తోశాడు. ముసలాయన వెనక్కి పడ్డాడు. తల రాతిమెట్టుకు తగిలి పంచె ఎర్రబడింది. కాంట్రాక్టరు బెదిరిపోయాడు. “ఏయ్, ఆపండ్రా! మన్ను దించినాకనే సిమెంటు పోద్దాం” అని మిద్దె మీది కూలీలకు అరిచాడు.

ఆ మాట నా చెవిన పడింది. పడినా చెయ్యి ఆగలేదు. పట్టుకున్న అట్ట రిజిస్టరుతో వాడి మొహం మీద కొట్టాను. ముక్కు పగిలింది. కింద పడితే ఇంకో రెండు వేశాను. అబద్ధమెందుకు, హాయిగా అనిపించింది. విద్యార్థులు ఫోన్లు ఎత్తి వీడియో తీశారు. సాయంత్రానికి ఊరంతా చూసింది.

“ఆడదాని చేత దెబ్బలు తిని, నేను మన్ను దించాల్నా? ఒక్క తట్ట కూడా దించను” అన్నాడు వాడు మరునాడు. పైవాళ్ల దగ్గరికి పరుగెత్తాను. కొట్టినదాని మాట ఎవరు వింటారు? నా చేతే క్షమాపణ రాయించుకున్నారు. పాత మన్ను మీదే సిమెంటు పోశారు. హాలుకు తాళం వేస్తానంటే పరీక్షల ముందు కుదరదన్నారు. ముసలాయన మాత్రం తలకు కట్టుతో రోజూ వచ్చి దూలాలు చూస్తూ కూర్చునేవాడు.

మొదటి పెద్దవానకు, పట్టపగలు, దూలం ఫెళ్లుమంది. ఆయన పిల్లలను మెడలు పట్టి బయటికి నెట్టాడు. బండలు తీసేసరికి ఆయన రెండు కాళ్లూ నుజ్జయి ఉన్నాయి.

ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని కాంట్రాక్టరును తిట్టాను. చేతికి దొరికితే చంపుతానన్నాను. ముసలాయన కళ్లు తెరిచాడు.

“వాడు ఆపమన్నాడు తల్లీ. నేనూ ఇన్నా. నువ్వు కొట్టకపోయింటే మన్ను దించిండేవాడు.”

“అవునప్పా” అన్నాను.